మైకులో ఊరేగిన నా భయం

బిడ్డకు ఎనిమిదో నెల. నేను కత్తిపీట మీద బీరకాయ తరుగుతుంటే వాడు పాకుతూ దగ్గరికి వచ్చాడు. ఒక్కసారిగా ఆలోచన దూసుకొచ్చింది: ఈ చేత్తో వాడినే కోసేస్తానేమో! వాడంటే నాకు ప్రాణం. అయినా అదే ఆలోచన రోజూ వచ్చేది. కత్తిపీటను అటక మీద దాచి, ఆకుకూరలు చేత్తో తుంచి వండేదాన్ని.

తట్టుకోలేక, ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకుని పాస్టరుగారి భార్యకు చెప్పుకున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు మైకు అందుకున్నారు.

"మన సంఘంలో ఒక చెల్లెల్ని కన్నబిడ్డనే చంపమని సాతాను రేపుతా ఉండాడు. అందరూ మోకరించండి."

పేరు చెప్పలేదు, అదీ ఆయన దయ! చంటిబిడ్డల తల్లులం ఆ మందిరంలో ఎంతమందిమని?

ఇంటికి రాగానే అత్త బిడ్డను చంకనేసుకుంది. "పాలిచ్చేటప్పుడు నేను పక్కనుంటాలే. ఒక్కదానివే ఎత్తుకోబాక."

ఎదురింటి వదిన గడప దాకా వచ్చింది. "ఏంది పెద్దమ్మా, ఇంకా ఇంట్లోనే పెట్టుకున్నారా ఈమెను?"

నేను బడిలో చదివింది పదో తరగతే. మిగతా చదువంతా మార్కాపురం లైబ్రరీలోనిది, ఆ మాట గర్వంగానే చెప్తాను. బస్సెక్కి అక్కడికే పోయాను. ఒక వైద్య పుస్తకంలో నా సంగతే ఉంది. కాన్పయిన తల్లులకు ఇలాంటి ఆలోచనలు ఇష్టం లేకుండానే వస్తాయట. వచ్చినంత మాత్రాన చేస్తారని కాదు, వైద్యం ఉంది. చదువుతుంటే ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇంత మంచి మాట చెక్క బీరువాలో పడి ఉంటే, అబద్ధం మైకులో ఊరేగిందా!

చదివింది ఇంట్లో చెప్పి, నా భర్త, అత్త వెంట రాగా మానసిక వైద్యుడికి చూపించుకున్నాను. ఆలోచన వస్తే రానివ్వమని, దాంతో పోట్లాడకుండా బిడ్డను ఎప్పటిలాగే ఎత్తుకోమని ఆయన చెప్పాడు. అత్త తల ఊపింది గానీ బిడ్డను మాత్రం వదల్లేదు.

కొన్ని వారాలకు ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు నన్నే పిలిచారు. "మన ప్రార్థనతో నీకు విడుదల వచ్చింది. సాక్ష్యం చెప్పమ్మా."

లేచాను. "నాకు సాతాను పట్టలేదయ్యగారూ, జబ్బు చేసింది. మందులు మింగుతా ఉన్నా. ఆ ఆలోచన ఇప్పటికీ వస్తాది, వస్తే రానిస్తా. మీరు మైకులో చెప్పినందుకే నా బిడ్డ నాకు దూరమైపోయినాడు. ఇట్ల చేస్తే రేపు ఇంకో తల్లి నోరు తెరుస్తాదా?"

ఆయన "స్తోత్రం, స్తోత్రం" అంటూ పాట ఎత్తుకోమన్నారు. ఎవరూ ఎత్తుకోలేదు. చాప చివర నుంచి అత్త లేచి వచ్చింది. అందరూ చూస్తుండగా బిడ్డను నా చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా పోయి తన చోట కూర్చుంది.