పడవల పేర్లు చదివేంతసేపు

పనిమీద రేపల్లె వెళ్తున్నాను. ప్యాసింజర్‌లో ఎవరో ఎండుచేపల బుట్ట దించారు. పక్కనున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ వాసన గుండెనిండా పీల్చుకున్నాను. కోటమ్మ పిన్ని గుర్తొచ్చింది. ఆమె నాకు బంధువు కాదు. అడవులదీవి నుంచి ఎండుచేపలు తెచ్చి సంతల్లో అమ్ముకునే మనిషి. నేను బాపట్లలో పంతులమ్మను. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికమల్లా, ఆపరేషన్ చేసి పేగును పొట్టమీదికి తెచ్చిపెట్టిన చిన్న నోరు. డాక్టర్లు దాన్ని స్టోమా అంటారు.

కొందరికది మొగ్గలా పైకి ఉంటుంది. నాది చర్మంతో సమంగా ఉండిపోయింది. అందుకని వచ్చే మలమంతా పొట్టకు అంటించుకున్న సంచిలో పడకుండా, సంచిని పట్టి ఉంచే బిళ్ళ కిందికి పాకేది. చర్మమంతా పుండుపడి ఒకటే మంట. ఒకరోజు ఏడో తరగతిలో పాఠం చెబుతుండగా చీర తడిసింది. ముందు బెంచీలో పిల్ల ముక్కు మూసుకుంది. చిన్నపిల్ల, దాన్ననేదేముంది? ఆ సాయంత్రమే సెలవుచీటీ రాశాను. ఇక ఉద్యోగం మానెయ్యడమే అనుకున్నాను.

తెనాలిలో డాక్టరుగారి గది బయట, పొట్టకు ఫైలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దామె, అప్పటికి నాకు పేరు తెలియని కోటమ్మ పిన్ని, నన్ను కాసేపు చూసి, "మంటకేం రాస్తున్నావమ్మా?" అని అడిగింది.

"కొబ్బరినూనె అండి. మా అమ్మ రాయమంది. నాది చర్మంతో సమంగా ఉండి కారుతోంది, బడిలో పాఠం కూడా చెప్పలేకపోతున్నాను."

"అదేమన్నా వంకాయ వేపుడా, నూనె పొయ్యటానికి? జిడ్డుమీద బిళ్ళ ఎట్టా అంటుద్ది?"

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఆమె కొంగు తప్పించి తన సంచి చూపించింది. "నాదీ బల్లపరుపే పంతులమ్మా. సంతలో కూర్చోట్లా?"

నర్సు నాకు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే బిళ్ళ, దాన్ని అదిమి ఉంచే నడుంపట్టీ రాసిచ్చింది. అవి వాడే తీరు నా చేతికి అలవాటు చేసింది మాత్రం పిన్నే. ఆ శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందు, పేగు ఊరుకుని ఉన్నప్పుడే మార్చాలంది. ఉత్త నీళ్ళతో కడిగించింది. మెత్తటి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనిచ్చింది. బిళ్ళలో కన్నం పేగు నోటికి సరిగ్గా సరిపోయేలా కత్తిరించమంది. అంటించాక నా చేతిమీద తన చెయ్యి వేసి అదిమింది. ఎండకీ ఉప్పుకీ గరుకుబారిన చెయ్యి.

"ఎంతసేపు పిన్నీ?"

"మా రేవులో పడవల పేర్లన్నీ చదివేంతసేపు. చేతివేడి తగిల్తేనే అది అతుక్కుంటది."

గంగమ్మతల్లి, వీరాంజనేయ, సీతామాలక్ష్మి... నిదానంగా చదివింది. చివర శ్రీలక్ష్మి అని ఆగింది. అది ఆమె భర్త వేటకెక్కిన పడవ, తుఫానులో తిరిగిరాలేదు. "ఆలస్యంగానైనా వస్తదేమోనని ఆఖర్న పెట్టుకున్నా" అంది మామూలుగా.

పుండు మెల్లగా ఎండింది. మళ్ళీ బడికి వెళ్ళిన రోజు సాయంత్రం ఫోన్ చేశాను. "అన్ని పీరియడ్లూ చెప్పాను పిన్నీ. చుక్క కారలేదు." పిన్ని వెంటనే, "సంచి మూడోవంతు నిండంగానే ఖాళీ చేశావా?" అంది.

ఆమె పోయిన కబురు కోడలు నాలుగు రోజులకు చెప్పింది. చివరిచూపు దక్కలేదు. ఆ చెయ్యి ఇంకొక్కసారి నా చేతిమీద పడితే చాలుననిపిస్తుంది.

ఇప్పటికీ బిళ్ళ మార్చుకున్న ప్రతి పొద్దునా, అరచెయ్యి అదిమిపెట్టి పడవల పేర్లు చదువుతాను. బిళ్ళ అప్పటికే అతుక్కునుంటుంది. అయినా శ్రీలక్ష్మి దగ్గర ఆగి, చెయ్యి తీయకుండా ఇంకాసేపు కూర్చుంటాను.