సగం అల్లిన వల

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వొచ్చేది. చనిపోయినవాళ్ల బట్టలు, బూట్లు, కళ్లజోళ్లు ఈ చేతులతోనే దులిపి సర్దాను. ఒక్కసారి కూడా ఒళ్లు జలదరించలేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

నేను ఆర్కైవిస్టుని. దేశం మొత్తానికీ కలిపి కడుతున్న ఒక యుద్ధ స్మారక మ్యూజియం కోసం, గోదావరి జిల్లాల సైనికుల ఇళ్లలో మిగిలిన వస్తువులు సేకరించే పని నాకు అప్పజెప్పారు. రాజమండ్రిలో ఒక అద్దె ఇంట్లో ఆఫీసు, వెనక స్టోర్ రూం.

యానాం దాటాక సముద్రం వైపు ఒక మత్స్యకారుల ఊళ్లో సత్యవతిగారిని కలిశాను. ఆవిడ భర్త అప్పారావుగారు సైన్యంలో ఉండేవారు. సరిహద్దు కొండల్లో కాపలా కాస్తుండగా మంచు విరిగిపడింది. శవం దొరకలేదు. ఆయన సామాన్ల పెట్టె కూడా ఇంటికి రాలేదు. ఆఖరిసారి సెలవుకి వచ్చినప్పుడు మొదలుపెట్టిన వల ఒక్కటే మిగిలింది. సగంలో ఆగిపోయింది. దారం నిండా చుట్టిన వెదురు సూది ఇంకా అంచున వేలాడుతోంది. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదట.

"ఇదిస్తే ఆయన పేరు అక్కడ రాస్తారా అండీ?" అని అడిగారావిడ.

రాస్తారన్నాను. అప్పుడు నేనూ నమ్మాను.

వలని టేపుతో కొలిచి, ఫొటోలు తీసి, ఇనప పెట్టెలో పెట్టాను. మూత మీద కాగితం సీలు అంటించి సంతకం చేశాను. మా పనిలో ఇది మామూలే.

పైవాళ్లు ఒప్పుకోలేదు. యుద్ధ మ్యూజియంలో చేపల వలేంటన్నారు. తూటా తగిలిన హెల్మెట్టు లాంటిది ఉంటే చూడమన్నారు. ఆయన పేరు కూడా గోడ మీదకి ఎక్కదట. మంచు కింద పోతే యుద్ధంలో పోయినట్టు కాదట. ఫోన్లో ఆ అధికారి ఇది చెబుతుంటే పక్కన ఎవరో నవ్వడం వినిపించింది. నేను వాదించాను, మెయిళ్లు పెట్టాను.

"సెంటిమెంట్లు వద్దు మేడం. తిరిగి ఇచ్చేయండి" అన్నారు.

కబురు చేస్తే సత్యవతిగారే వచ్చారు. పట్టపగలు, ఆవిడ ఎదురుగానే పెట్టె దించించాను. సీలు చిరగలేదు. సంతకం నాదే. మూత తీసి వల నేల మీద పరిచాను. ఎందుకో పెద్దదిగా అనిపించింది. ఫొటో పక్కన పెట్టుకుని మళ్లీ కొలిచాను.

వల మూరెడు పెరిగింది.

కొత్త వరసలు కూడా పాతవాటిలాగే వెలిసిపోయి ఉన్నాయి. వెదురు సూది ఖాళీ. ఎవరో తీసి అల్లారనుకుందామంటే సీలు అలాగే ఉంది, స్టోర్ రూం తాళం నా దగ్గరే ఉంది.

నేను టేపు పక్కన పెట్టి వలకి ఇంకో ఫొటో తీశాను. సత్యవతిగారు మాత్రం ఒక్కో ముడి మీదా వేలు పెట్టి మెల్లిగా జరుపుకుంటూ పోయారు.

"ఆయన చెయ్యే అండి" అన్నారు. ఏడవలేదు. వల మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కేశారు.

రెండు ఫొటోలూ పైకి పంపించాను. నా మెయిళ్లు చూడ్డానికే తీరిక లేనివాళ్లు వెంటనే ఫోన్ చేశారు. వల తెప్పించమన్నారు, జనం ఎగబడి చూస్తారన్నారు. మరి ఆయన పేరో అంటే, అది తర్వాత చూద్దామన్నారు.

ఆ కబురు మోసుకుని మళ్లీ ఆ ఊరు వెళ్లాను. సత్యవతిగారు ఒళ్లో వల పెట్టుకుని గుమ్మంలో కూర్చుని, అదే వెదురు సూదికి కొత్త దారం చుడుతున్నారు.

"మనిషి అక్కర్లేదు గానీ, ఆయన అల్లింది కావాలా మేడంగారూ?" అన్నారు తలెత్తకుండా. "మీ మీద కోపం లేదండి. వాళ్లకి మాత్రం ఇవ్వను." సూదిని వల అంచుకి కట్టి, లోపలికి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

మ్యూజియం తెరిచారు. హెల్మెట్లకి లైట్లు బాగా పెట్టారు. గోడ మీద పేర్లన్నీ రెండుసార్లు చదివాను. ఆయనది లేదు. నేను ఆ ఉద్యోగం మానేశాను.

మూసిన పెట్టెలో వల ఎలా పెరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ కొత్త దారంతో వల ఎంతవరకు వచ్చిందో సత్యవతిగారిని అడిగితే చెబుతారేమో. అడిగే మొహం నాకు లేదు.