ఏడో నంబరు బండి

పోలీసు బండ్ల తలుపుల మీద నంబర్లు రాయడం రాజలింగం పని. నాగ్‌పాడా దాటి రోజూ వర్క్‌షాపుకు నడిచిపోయేవాడు. ఆ నంబరు బండిది కాదు, గస్తీది. ఏడు అంటే బట్టల మిల్లుల వైపు గస్తీ. వైర్‌లెస్‌లో ఏడును పిలిస్తే ఆ రోజు అక్కడ తిరిగే బండి పలకాలి. ఆ బండి చెడిపోతే దాని మీది ఏడును నీలిరంగు పూసి చెరిపేసి, వేరే బండి మీద రాయాలి. పద్నాలుగేళ్లుగా చెరుపుతున్నాడు, రాస్తున్నాడు. కామాటిపురాలో తాముండే చాల్‌లో ఇరుగుపొరుగు గదుల వాళ్లకు ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు.

మిల్లుల సమ్మె మొదలై ఏడాది దాటింది. సమ్మె ఊరేగింపుకు పోయిన కొడుకు తుకారాం మూడు వారాలైనా తిరిగి రాలేదు.

మిల్లు గేటు ముందు కూరగాయలమ్మే మల్లవ్వ చూసింది. "తుకారాంను పోలీసోళ్లు జుట్టు వట్టి బండిల ఎక్కిచ్చుకున్నరన్నా. తలుపు మీద ఏడు ఉండె. మా ఖోలీ తలుపు మీది నంబరే గద, నాకెర్క లేదా?"

"పోలీసోళ్లు నాకు సలాం కొడ్తరంటివి," అంది భార్య లక్ష్మవ్వ. "పోయి అడుగు మరి."

పోలీసు చౌకీలో హవల్దార్ విసుక్కోకుండానే రిజిస్టరు తీశాడు. ఆ రోజు ఏడో నంబరు బండి రిపేరుకు వచ్చిందని అందులో రాసి ఉంది. పక్కన రాజలింగం సంతకం.

"షెడ్డులో పడున్న బండి నీ కొడుకును ఎట్లా ఎత్తుకపోతది, పెయింటర్ సాబ్? సంతకం నీదే గదా?"

"నాదే సాబ్. కానీ పొద్దుగాల్నే ఏడును ఇంకో బండికి ఎక్కిచ్చిన."

"ఏ బండికి?"

ఆ రిజిస్టరులో అది రాసే గడి లేదు. తలుపు తప్ప బండి ముందున్న నంబరు ప్లేటు రాజలింగం ఎన్నడూ చూడలేదు. ఆ ఏడును మర్నాడే తన చేత్తోనే చెరిపేశాడు.

వర్క్‌షాపులో నీలి బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ రోజు ఏడు ఎక్కిన బండి ఏదో తేల్చుకోవాలని రేకు ముక్కతో మొదటి బండి తలుపు గీకాడు. రంగు కింద తెల్లగా ఏడు కనబడింది. నమ్మకం కోసం రెండోది కూడా గీకాడు. దాని కిందా ఏడే. మూడోది, నాలుగోది. పద్నాలుగేళ్లలో ఏడు ఎక్కని బండి లేదు. అన్నీ తన చేతి రాతే.

"పిచ్చి లేసిందా రాజలింగం?" మేస్త్రీ బాలనర్సయ్య అరిచాడు. "సాయంత్రానికి బండ్లు బయటికి పోవాలె."

రాజలింగం నీలిరంగు డబ్బా మూత తీశాడు. మొదటి తలుపు మీద బయటపడ్డ ఏడును కప్పేయడం మొదలుపెట్టాడు.