కోడె తాడు సార్ చేతిలో పెట్టిన రోజు

వేములవాడ రాజన్న గుడిలో కోడె తాడు వదిలేసి పరుగు లంకించుకున్న భక్తుడు నాకంటే ముందు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. ఉంటే ఒకసారి కలవాలని ఉంది. మాట్లాడుకోవడానికి మాకు చాలా ఉంటుంది.

కరీంనగర్‌లో ఊళ్ల నీటి పైపులైన్ల నక్షాలు గీసే చిన్న ఆఫీసులో నా ఉద్యోగం. ఏ పైపులో ఎంత ఒత్తిడి ఉంటుందో లెక్కగట్టి చెప్పగలను, నా కడుపులోది తప్ప. పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు నాది. మందులతో తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. తిరగబెట్టినప్పుడు కడుపు పిలిస్తే, ఎదురుగా ముఖ్యమంత్రి కూర్చున్నా ఆగేది లేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు గనక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు మా మేనేజర్ రాజిరెడ్డి సార్ పట్టుకున్నారు.

"ఏందయ్యా, జరసేపన్న కుర్చీల కూసుంటలేవు? మాటిమాటికి ఏడికి పోతున్నవ్?"

"జపం సార్," అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకూ తెలియదు. "రాజన్నకు కోడె మొక్కున్నది. అది తీరేదాక మధ్యమధ్యల జపం చేసుకుంటున్న."

సార్ కళ్లు చెమర్చాయి. "గీ వయసుల గింత భక్తా!"

భక్తికి బహుమానం వెంటనే దొరికింది. బాత్రూం పక్కనున్న నా బల్లను, "జపానికి గీ జాగ మంచిగ లేదు" అంటూ, దగ్గరుండి ఆఫీసు ఆ చివరికి, దేవుడి పటం కిందికి జరిపించారు. ఇక ప్రతి జపానికీ హాలంతా దాటి ఉరకాలి. అంతటితో ఆగారా? "సోమవారం నా కార్లనే పోదాం. మొక్కు చెల్లించుకుందువు."

కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి కట్టేయాలి, అదీ మొక్కు. సోమవారం గుడి చుట్టూ సగం తిరిగామో లేదో కడుపు పిలిచింది.

"సార్, జర తాడు పట్టుండ్రి!"

"అరే, మొక్కు నీది రా!"

అప్పటికే నేను జనంలో కలిసిపోయాను.

తిరిగొచ్చేసరికి సార్ కోడెను కట్టేసి, కాలు కడుక్కుంటున్నారు. నడుస్తూ నడుస్తూ అది ఆయన పాదం మీదే పేడ వేసిందట.

"అయ్యిందా జపం?"

"జపం కాదు సార్. కడుపు." అంతా చెప్పేశాను.

సార్ కాలు దులుపుకొని నావైపు తిరిగారు. "చెప్తే నౌకరి పోతదనుకున్నవా?"

"అవును సార్."

"గంత జనం నడుమ కోడె పని కానిచ్చుకున్నది. దాన్ని ఒక్కలన్న తిట్టిన్రా? నన్నే జరుగుమన్నరు. నీకు నోరున్నది. అడిగితే బల్ల జరపనా?"

మరునాడు బల్ల బాత్రూం పక్కకు తిరిగొచ్చింది. జబ్బు ముదిరిన రోజుల్లో ఇంటి నుంచే గీయమన్నారు. నెలల తరబడి నేను వణుకుతూ మోసిన భయం, చివరికి ఇద్దరు మనుషులు ఒక బల్ల మోస్తే తీరిపోయింది.

కాబట్టి రాజన్న సాక్షిగా ప్రమాణం: నా కడుపు సంగతి ఇంకెప్పుడూ దేవుడి మీదికి తోయను. చుట్టు పూర్తి చేసింది సార్ గనక మొక్కు ఆయన పేరనే చెల్లిందని ఆఫీసులో తోటివాళ్లు తీర్పు చెప్పారు. అంటే, నోటితో ఒకసారి అన్నాను గనక, లేని మొక్కుకు నేను నిజంగానే బాకీ పడ్డాను. తప్పకుండా తీరుస్తాను. ఈసారి మాత్రం ముందు నా పని కానిచ్చుకొని, ఆ తర్వాతే తాడు పట్టుకుంటాను.