వదినగారి గట్టు మీద గుర్రపుతోక

మా ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వినడానికి క్లాసు లేకపోయేసరికి ఆ పాఠాలన్నీ విజయవాడ భవానీపురంలోని మా ఇంట్లో నా నెత్తిన పడ్డాయి. ఒకరోజు ఇబ్రహీంపట్నం దాటి కృష్ణ ఒడ్డుకు వెళ్లి, నా టిఫిన్ క్యారేజీలో తడి ఇసుక, అందులో కొన్ని పచ్చటి పుల్లలు పెట్టుకొచ్చారు. ఒక్క ఆకు లేదు. సన్నటి వెదురులా కణుపులు మాత్రం ఉన్నాయి.

"గుర్రపుతోక మొక్క. అచ్చంగా మన నేలదే," అన్నారు.

"మిగతా గుర్రం ఎప్పుడొస్తుందండీ?" అన్నాను.

పామర్రు దగ్గర ఆయన అక్కగారికి, అంటే మా వదినగారికి, చిన్న చేపల చెరువుంది. వానొచ్చినప్పుడల్లా గట్టు కరిగిపోతోందని ఆవిడ ఫోన్లో వాపోయారు. వేళ్లు అల్లుకుని మట్టిని పట్టుకునే మొక్క ఇదేనని ఈయన తీర్మానించారు.

పామర్రు తీసుకెళితే వదినగారు క్యారేజీలోకి తొంగి చూశారు. "ఆకూ లేదు, పువ్వూ లేదు. ఏం చూసి ముచ్చటపడ్డావురా?"

అయినా నాటనిచ్చారు. పశువులు తింటే మంచిది కాదని ఈయన చుట్టూ వల కూడా కట్టారు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం చూడటానికి వెళ్లాం. వల ఉంది. లోపల నేల నున్నగా ఉంది.

"కలుపు పెరిగితే పీకించేశాను," అన్నారు వదినగారు.

"వల దేనికనుకున్నావక్కా?"

"కోళ్లు రాకుండా అనుకున్నాను."

ఆ పూట ఈయన చేపల పులుసు రెండోసారి వడ్డించుకోలేదు. మా ఇంట్లో దుఃఖానికి అదే గుర్తు.

కానీ నేలలో వేళ్లు మిగిలాయి. వానలు పడగానే వదినగారి ఫోన్: "నీ పుల్లలు మళ్లీ లేచాయిరా." ఇంకొన్నాళ్లకు మరో ఫోన్: "పువ్వు పూసింది."

"అది పువ్వు కాదక్కా. ఆ మొక్క పూయదు. కొసన ఉన్నది పొడి రాల్చే బుడిపె."

"నా చెరువు దగ్గర పూసింది," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఏడాది తిరిగేసరికి నీటి అంచు వెంబడి పచ్చటి దడి కట్టినట్టయింది. ఆ వైపు గట్టు కరగడం తగ్గింది. మేం వెళ్లిన ఒక ఆదివారం వదినగారు ఆ పుల్లలు కోసి, బంతిపూలతో కలిపి చర్చిలో బల్ల మీద కూజాలో పెట్టారు. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు వచ్చి, "ఇవెక్కడివండీ? మాకూ పెరుగుతాయా?" అని అడిగారు.

"ఎందుకు పెరగవండీ. తడి ఆరకుండా చూసుకోవాలి. పశువుల్ని రానివ్వకూడదు. కలుపని తెలియనివాళ్లు పీకేస్తారు, ఆ ఒక్కటీ జాగ్రత్త. ఓపిక పడితే పువ్వు కూడా పూస్తుంది."

మా ఆయన నోరు తెరిచారు.

"నువ్వుండరా, నీకు తెలీదు," అన్నారు వదినగారు.

విజయవాడ వచ్చేదాకా ఈయన కారు కిటికీలోంచి పొలాలే చూస్తూ కూర్చున్నారు. కోపం వచ్చిందనుకున్నాను. ఇంటి ముందు దిగుతూ, "అక్క బాగా చెప్పింది కదూ," అన్నారు.




ఆ పూట పులుసు మూడుసార్లు వడ్డించుకున్నారు.