లాడ్జి ఫొటోల పక్కన నా డైరీ

ఆ రోజుల్లో, అంటే మరీ పాత కాలమేం కాదు, నాలుగేళ్ల కిందటి మాటే, నాకు చేతనైన పనులు రెండే: ఎవరూ చూడకుండా పుస్తకాలు చదవడం, ఎవరికీ వినపడకుండా కుళ్లుకోవడం. మెదక్ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు మీద రెండు గదుల ఆఫీసులో వెబ్‌సైట్ల పని నేర్చుకునేదాన్ని. నాతోపాటే చేరిన ఇంకో అమ్మాయి రోజూ అల్లాదుర్గ్ నుంచి బస్సులో వచ్చేది. అందుకని ఆఫీసంతా ఆమెను అల్లాదుర్గ్ అనే పిలిచేవారు. నేను పుట్టి పెరిగింది మెదక్‌లోనే కాబట్టి నాకు ఏ ముద్దుపేరూ రాలేదు (దీనికి కూడా కుళ్లుకున్నాను). ఆమె వచ్చిందంటే మెట్ల మీద నుంచే మాటలు వినపడేవి. సార్ ఆమె జోకులకు నవ్వేవారు, ఆమె పోసిన చాయ్ వేడిగా ఉండగానే తాగేవారు. నేనిచ్చిన చాయ్ మాత్రం కీబోర్డు పక్కన మీగడ కట్టేది.

మూడు నెలలు నిండబోతుంటే సార్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "సర్వర్ పనికి ఒక్కరినే పెట్టుకుంట. ఏడుపాయల గుడి కాడ గదులు కిరాయికిచ్చే ఆయనకు సైటు కావాలంట. ఇద్దరు చెయ్యుండ్రి, ఎవలది మంచిగుంటే వాళ్లు ఉంటరు," అన్నారు. సర్వర్ అంటే పెద్ద విషయమేం కాదు. ఎవరైనా ఫోన్‌లో మన సైటు చిరునామా కొట్టి, పక్కన ఏటవాలు గీత పెట్టి, ఫలానా ఫొటో అని అడిగితే, ఆ పేరున్న ఫైలును మన ఫోల్డర్‌లో వెతికి ఇచ్చే గుమస్తా అన్నమాట. నా గుమస్తా మహా మర్యాదస్తుడు. ఎవరేమడిగినా కాదనేవాడు కాదు. ఫొటోలున్న చిన్న ఫోల్డర్ ఒక్కటే అతని చేతికివ్వాల్సింది, నేను పనంతా ఉన్న పెద్ద ఫోల్డరే ఇచ్చేశాను. ఆ పెద్ద ఫోల్డర్‌లోనే నా డైరీ కూడా ఉంది. ఇంట్లో నోటుబుక్కులో రాస్తే మా చెల్లె అన్నాల దగ్గర అమ్మకు చదివి వినిపించేది. అందుకని మధ్యాహ్నం డబ్బా తిన్నాక ఆఫీసు కంప్యూటర్‌లో రాసుకునేదాన్ని, 'డైరీ' అనే పేరుతోనే (దొంగపేర్లు పెట్టడం నాకు రాదు).

మా ఆఫీసులో ఒక కట్టడి ఉండేది. సార్‌కు చూపించే ముందు రోజు ఒకరి పని ఒకరు చూసి, కనపడ్డ తప్పు చెప్పాలి. ఆమె సైటు నా కంప్యూటర్‌లో తెరిచాను. రాతలన్నీ ఉన్నాయి, ఫొటోల చోట మాత్రం ఖాళీ డబ్బాలు. చూడగానే అర్థమైంది. ఫొటో ఎక్కడుందో చెప్పేచోట ఆమె తన కంప్యూటర్‌లోని దారి రాసింది. కొత్తవాళ్లకు మా ఇంటి అల్మారీలో రెండో అరలో ఉంది, తీసుకోండి అన్నట్టు. తన దగ్గర అన్నీ కనపడతాయి కాబట్టి ఆమెకు అనుమానమే రాలేదు.

"ఎట్లుందే?" అని అడిగింది.

"మంచిగుంది," అన్నాను.

అని, వెంటనే డైరీ తెరిచాను. "అల్లాదుర్గ్ ఇవాళ కూడా ఆ గులాబీ చున్నీయే వేసుకొచ్చింది. ఫొటోలకు తన కంప్యూటర్ దారి రాసుకుంది. రేపు సార్ ఫోన్‌లో అన్నీ ఖాళీ డబ్బాలే. నేను చెప్పను. వనదుర్గమ్మ వచ్చి అడిగినా చెప్పను," అని రాసి, సేవ్ చేసి, చాలా హాయిగా నీళ్లు తాగాను. అవతల కుర్చీలో ఆమె నా సైటు చూస్తోంది. చాలాసేపు మాట్లాడలేదు. మూడు నెలల్లో ఆమె అంతసేపు ఊరుకోవడం అదే మొదటిసారి. తప్పు దొరక్క ఇబ్బంది పడుతోంది, పాపం, అనుకున్నాను. "నీది గూడ మంచిగనే ఉంది," అని బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు సార్ ఫోన్‌లో ఆమె సైటు తెరిచారు. గదులు, మంచాలు, మంజీర ఒడ్డు, ఒక్క ఫొటో తప్పకుండా అన్నీ వచ్చాయి. నేను ముందుకు జరిగి ఫోన్‌లోకి తొంగి చూశాను.

"మస్తు వచ్చినయ్. ఎవలన్న చెక్ చేసిండ్రా?" అని సార్ ఆమెను అడిగారు.

"ఈమెనే సార్. నా కంప్యూటర్ల దారి రాసుకున్న, వేరేటోళ్ల ఫోన్ల రాదని ఈమెనే పట్టింది. పొద్దుగాల్నే వచ్చి సరిజేసుకున్న."

"మరి ఈమెది?"

నాకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. "ఒక్కటుంది సార్," అందామె. "ఫొటోల ఫోల్డర్ ఒక్కటే బయటికియ్యాలె, ఈమె అంత ఇచ్చేసింది. జర పది నిమిషాలియ్యుండ్రి, సరిజేస్తది." తర్వాత నా కుర్చీ పక్కకు వంగి మెల్లగా అంది: "ముందుగాల డైరీ తీసెయ్. సార్ ఇప్పుడు నీది తెరుస్తడు."

సైటు చిరునామాలో పేజీ పేరు చెరిపేస్తే చాలట, నా గుమస్తా ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో జాబితా కూడా చూపించాడట. డైరీ తీసేస్తూ మెల్లగా అడిగాను.

"చదివినవా?"

"రెండుసార్లు. అది గులాబీ చున్నీ గాదు, కనకాంబరం రంగు."

"కోపం లేదా?"

"ఎందుకు లేదు? రాత్రంత ఉండె. గని మంచిగ రాస్తవ్ పిల్లా. నా గురించి గాకుంటే ఇంకా మంచిగుండేది."

సర్వర్ పని ఆమెకే వచ్చింది. అందరి తప్పులూ పట్టడానికి ఇంత కన్నున్న పిల్లను వదులుకోవద్దని సార్ నన్ను సైట్లు పరీక్షించే పనికి పెట్టుకున్నారు. అంటే, నా కుళ్లుకే ఉద్యోగం వచ్చింది. చెప్పని తప్పును పట్టినందుకు మెచ్చుకోలు తీసుకుని, ఆ రోజు ఆమె మంచితనానికి కూడా మనసులో కుళ్లుకున్నాను.

ఇప్పుడు డైరీ మళ్లీ నోటుబుక్కులోనే. చెల్లె వేరే ఊళ్లో చదువుతోంది కాబట్టి భయం లేదు. అయినా కొత్త సైటు ఏది నా చేతికొచ్చినా, మొట్టమొదట దాని చిరునామా పక్కన గీత పెట్టి 'డైరీ' అని కొట్టి చూస్తాను. అలాంటిదేమీ ఇక్కడ లేదని సర్వర్ జవాబిస్తుంది. అమ్మయ్య అనుకుంటాను. ఆ వెంటనే, నేను రాసింది రెండుసార్లు చదివిన మనిషి ఇప్పటికీ లోకంలో ఆ ఒక్కతే కదా అని గుర్తొచ్చి, పక్క గదిలోంచి వినపడే ఆ గొంతు వైపు కాసేపు చెవి పెట్టి కూర్చుంటాను.