గంపకు జాగా లేని బస్సు

“గంప దించు అవ్వా. మనుషులు నిలబడెటందుకే జాగ లేదు.”

“గంపకు టికెట్ కొట్టు బిడ్డా, పైసలిస్త. ఊకె తీస్కపొమ్మంటున్ననా?”

“కొడ్త గని ఏడ పెడ్తవ్? నా నెత్తి మీదనా?”

“నీ నెత్తి మీద పెడితె వంకాయలు వాడిపోతయ్.”

బస్సులోని ఆడవాళ్లు నవ్వారు. కండక్టరమ్మ కూడా నవ్వింది కానీ తలుపు దగ్గర నుంచి జరగలేదు. నవ్వుతూనే విజిల్ వేసింది. రఘునాథపల్లి రోడ్డు మీద నేనూ, నా కోడలూ, వంకాయ గంపలూ మిగిలాం.

ఆ పిల్లను తప్పుపట్టను. సర్కారు ఆడవాళ్లకు బస్సు టికెట్ తీసేసినప్పుడు చార్జీ మిగిలిందని నేనే ఎక్కువ సంతోషపడ్డాను. చార్జీ మిగిలిన మాట నిజమే. కానీ ఇప్పుడు బస్సు మా ఊరికి వచ్చేసరికే నిండిపోయి ఉంటోంది. ఆటో మాట్లాడుకుంటే అమ్మిందంతా ఆటోకే సరిపోతుంది.

వరంగల్ రైతుబజారులో నల్లా పక్కన నా జాగా. కొసరు అడిగితే ఇచ్చే మనిషిని కాను. పుచ్చు వంకాయ వచ్చిందంటే మాత్రం మర్నాడు మార్చి ఇచ్చేదాన్ని. అందుకే తిట్టుకుంటూ అయినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఒకరోజు వచ్చి రెండ్రోజులు రాని మనిషి కోసం ఎవరు ఆగుతారు? జాగా ఖాళీగా కనబడితే ఇంకొకరు సంచి పరుస్తారు. నాకు ఆ భయమే ఉండేది.

ఇంటికొచ్చాక కోడలు గంప దించి అంది, “అత్తా, కూరగాయలు కొనుక్కపోయే ట్రాలీ ఆయన చేను కాడికే వస్తనంటాండు. ఇచ్చేద్దాం.”

“వాడడిగిన రేటుకు ఇచ్చుడు కంటె బర్రెకు ఏసుడు నయం.”

“మొన్న బర్రెకే ఏసినం గద. అది గూడ మొఖం తిప్పుకున్నది.”

సాయంత్రం ట్రాలీ వచ్చింది. అతను కాయ విరిచి చూడలేదు, పుచ్చుందా అని అడగలేదు. తన కాంటా మీద తూచుకుని అన్నీ కలిపి పోసుకున్నాడు. “రోజూ రా అన్నా,” అంది కోడలు. నేను వద్దనలేదు.

మర్నాడు పొద్దున అదే బస్సు ఎక్కాను, ఉత్త చేతులతో. రైతుబజారు ముందు చాయ్ హోటల్లో దాచిపెట్టుకునే నా తరాజూ, తూకం రాళ్లూ అడిగి తీసుకున్నాను. నల్లా పక్కన ఎవరో ఆమె టమాటాలు పోసుకుని కూర్చుంది.

“ఏం కావాలె అవ్వా?” అంది.

ఏమీ వద్దన్నాను. తిరుగు బస్సులో సీటు దొరికింది. తరాజు ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను.